దీపస్తంభం పిల్ల మాట్లాడిందా?

అమీర్‌పేట,
ఏప్రిల్ 14, 2025.

తాతకు చంద్రిక దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఇద్దరమే. అక్కడ నువ్వు, అమ్మ, నాయిన బాగున్నారని అనుకుంటున్నాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. నీకు ఫోన్ చేస్తే వినపడదు. అమ్మకు చేస్తే నా వంతు వచ్చేసరికి అక్కడ పాలు పొంగుతాయి. ఇది నిదానంగా చెప్పాల్సిన సంగతి.

పెళ్లిచూపుల రోజు ఆయనతో నువ్వొక్కడివే అరగంట కూర్చున్నావు. ఆయన ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా నీకు వినపడేది కాదు. బయటికి వచ్చి "పిల్లగాడు మంచోడు" అన్నావు. నీ మాట మీదే అందరూ ఒప్పుకున్నారు. అందుకని నిన్నే అడుగుతున్నాను.

ఆయన కార్టూన్లు చూస్తారు.

ముందు నుంచి రాస్తాను. ఆయన పని నీకు తెలిసిందే, లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఆఫీసు పంజాగుట్టలో. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే ఈయన వెళ్లి తలుపు తీస్తారు. లోపల ఉన్నంతసేపు తిడతారట, బయటపడగానే పని గుర్తొచ్చి పరుగెత్తుతారట. ఇది ఆయన చెప్పలేదు, బల్కంపేట నుంచి మా అత్తమ్మ వచ్చినప్పుడు చెప్పింది. ఆయన సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, టీవీ ముందు చాప మీద కూర్చుని కార్టూన్ పెట్టుకుంటారు. రోజూ. ఇరవై ఎనిమిదేళ్లు, మీసాలున్నాయి.

పిల్లలు చూసే పిల్లీ ఎలుకల బొమ్మలైతే ఇంత బాధపడను. ఇవి వేరు. వీటిలో ఎవరూ ఎవరినీ తరమరు. కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉంటారు. ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. మొన్న తువ్వాలతో కళ్లు తుడుచుకున్నారు. నేను వంటింట్లోంచి చూశాను. ఉల్లిగడ్డలు కోస్తున్నది నేను, ఏడుస్తున్నది ఆయన.

ఇది జబ్బా తాతా? జబ్బయితే పేరేమిటి? ఆయన్ని అడుగుదామంటే, పెళ్లయిన నాటి నుంచి మా మధ్య నడిచిన మాటలన్నీ కలిపినా ఈ కాగితం నిండదు. ఆయన "ఊ" అంటారు, నేను "ఆ" అంటాను.

ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా నాయినకు. నాయిన సంగతి తెలుసు కదా, సగం విని మొత్తం నిర్ణయం తీసుకుంటాడు. చదివి చించెయ్యి.

కుక్కర్ మూడోసారి కూసింది. ఆపుతున్నాను.

నీ చంద్రిక


ఆలేరు,
ఏప్రిల్ 22.

బిడ్డా చంద్రికా,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. తర్వాత మరిచిపోతాను, సంగతి పొడుగు.

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని, మనసులోనే రెండుసార్లు చదువుకుని చించేశాను. ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ మాత్రం ఆ పొద్దటి నుంచి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. ఏమైందని అడిగితే, నాతో మాట్లాడటానికి పెట్టుకున్న పలక మీద "ఏం లేదు" అని రాసింది. ఎదురింటి చిలకమ్మ బీడీలు చుట్టడం ఆపి నా వైపే చూస్తోంది. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

ఇక నీ ప్రశ్న. నేను పేపర్ ఏజెంటుగా ఉన్నప్పుడు తెల్లవారకముందే హైదరాబాద్ వ్యాన్ వచ్చి బస్టాండు ముందు కట్టలు విసిరి పోయేది. కట్ట విప్పగానే నేను మొదట చూసేది మొదటి పేజీలో, అగ్గిపెట్టెంత గడిలో ఉండే బొమ్మ. ఒక మంత్రి, ఒక కుర్చీ, కింద ఒక వాక్యం. మంత్రి పొట్టను బట్టి ఏ పార్టీయో చెప్పొచ్చు. చాయ్ హోటల్లో తహసీల్ ఆఫీసు గుమాస్తా దగ్గర నుంచి హమాలీల దాకా "ఇయ్యాల బొమ్మేంది నర్సన్నా?" అని అడిగేవాళ్లే. వార్త ఏమిటని అడిగినవాడిని నేను చూడలేదు. చదువు రానివాళ్లకు నేనే చదివి చెప్పేవాడిని. నువ్వు కూడా బడికి పోకముందు ఆ బొమ్మల కింది అక్షరాలతోనే చదువు నేర్చావు. నువ్వు కూడబలుక్కుని చదివిన మొదటి మాట "అమ్మ" కాదు, "రాజీనామా".

కాబట్టి పెద్దవాళ్లు కార్టూన్లు చూడటం జబ్బు కాదు. ఇప్పుడు పేపర్లలో ఆ గడి కనపడటమే తక్కువైంది. ఆ జాగాలో బంగారం దుకాణాల ప్రకటన ఉంటోంది. జబ్బంటే అది.

కానీ కార్టూన్ నవ్వడానికి. చాయ్ మొదటి గుక్కలో అర్థం కావాలి, రెండో గుక్కకు నవ్వు రావాలి. కార్టూన్ చూసి ఏడ్చినవాడిని నా జన్మలో ఒక్కడినే చూశాను. ఆ బొమ్మలో ఉన్నది ఆయనే, అప్పటి ఎమ్మెల్యే.

నీ పెనిమిటి సంగతి తేల్చాలంటే నాకు వివరాలు కావాలి. ఆ కార్టూన్‌లో నవ్వు ఎక్కడుంటుంది, మధ్యలోనా, చివరనా? ఎవరి గురించి? ఇవి పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియవు. వంటింట్లోంచి చూసి జబ్బు చెప్పకూడదు.

పోస్ట్‌మన్ వచ్చే వేళయింది.

రాజనర్సయ్య


అమీర్‌పేట,
మే 3.

తాతా, చంద్రికను.

ఎండలు మండిపోతున్నాయి. మా పై అంతస్తు హాస్టల్లో నీళ్లు రాక, కోర్సులు నేర్చుకునే పిల్లగాళ్లు బకెట్లతో మా గడప ముందు నుంచే దిగుతున్నారు. నీ ఉత్తరం చదివాక వాళ్లను చూశాను. అందరివీ పాతికేళ్లు, అందరి బనీన్ల మీదా కార్టూన్ బొమ్మలే. మెట్రోలో ఒక పెద్దమనిషి, తెల్ల గడ్డం, మెడలో బ్యాంకు కార్డు, ఫోన్లో కార్టూన్ చూస్తూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడు. జబ్బయితే ఇక్కడ అందరికీ ఉంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

నువ్వు చెప్పినట్టు పక్కన కూర్చున్నాను. మొదటి రోజు గడప దగ్గర, రెండో రోజు చాప అంచున. మాటలు జపాన్ భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు. నాకు రెండూ రావు. కొంగు సర్దుకుంటూ బొమ్మలే చూశాను. మూడో రోజు ఆయన ఒకసారి టీవీని, ఒకసారి నన్ను చూశారు. నా కళ్లు అక్షరాల మీద కదలడం లేదని కనిపెట్టినట్టున్నారు. కొంతసేపటికి గొంతు సవరించుకుని, "జర జల్ది రా, చీకటి వడుతున్నది" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "నిన్ను కాదు. వాళ్లన్న అంటున్నడు" అన్నారు.

అప్పటి నుంచి కింద ఏం పడితే అది తెలుగులో చెబుతున్నారు. అన్నకు లావు గొంతు, ముసలామెకు సన్న గొంతు. పెళ్లయ్యాక ఆయన నోట ఇన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. అవి ఆయన మాటలు కాకపోయినా.

కథ ఇది. సముద్రం మధ్య చిన్న దీవి. పడవలకు దారి చూపే దీపస్తంభం ఉంటుంది. అన్న పడవ నడుపుతాడు. చెల్లెలు రోజూ చీకటి పడగానే దీపం వెలిగిస్తుంది. ఆ పిల్ల మాట్లాడదు. మూగది కాదు, మాట్లాడదంతే. తల్లిదండ్రులు కనపడరు. అన్న పేరు నా నోరు తిరగదు, అందుకని అన్న అనే రాస్తున్నాను.

నవ్వు ఎక్కడుంటుందో నాకు దొరకలేదు. అడగడానికి రెండు రోజులు పట్టింది. "గిండ్ల నవ్వేది ఎక్కడుంటది?" అన్నాను. ఆయన టీవీ ఆపారు. చాలాసేపు ఆలోచించి "ఉండదు" అన్నారు. మళ్లీ ఆలోచించి, "మొదట్ల ఒకటుండె. నాకు నవ్వు రాలె" అన్నారు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఈసారి పాలు పొంగలేదు. "అల్లుడు అన్నం తింటుండా? నిద్ర పోతుండా? ఊకెనే నవ్వుతుండా?" అని అడిగింది. ఊరికే కాదు, దేనికీ నవ్వరని చెప్పాను. "ఎర్రగడ్డ మీకు ఎంత దూరం?" అంది. మెట్రోలో మూడో స్టేషన్ అని చెప్పాను. అమ్మ ఏడ్చింది. కూరగాయల రైతు బజారు దగ్గరే ఉందంటే ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు. నీకు తెలిస్తే రాయి.

ఏడయింది. ఆయన చెప్పులు విడిచిన చప్పుడు. ఈ రోజు తుఫాను రావచ్చు. అంటే దీవిలో.

చంద్రిక


ఆలేరు,
మే 12.

చంద్రికకు, తాత ఆలోచించి రాస్తున్నది.

మంచి కబురు కాదు. మీ నాయినకు సంగతి తెలిసిపోయింది. ఎలాగో నాకు అంతుబట్టడం లేదు. నేను నీ రెండో ఉత్తరం కూడా అరుగు మీదే, మనసులోనే చదువుకున్నాను. పోస్ట్‌మన్ మీద నాకు అనుమానం.

మీ నాయిన పలక మీద రాసి చూపించిన నిర్ణయం ఇది. ఆషాఢం పడగానే కొత్త కోడలిని పుట్టింటికి తెచ్చుకునేది ఎట్లాగూ ఉంది, తెచ్చుకుంటాడు. శ్రావణంలో మాత్రం పంపడు. అల్లుడిని పెద్ద డాక్టరుకు చూపించి, బాగయిందని ఆ డాక్టరు చెబితేనే పంపుతాడు. మీ అమ్మ ఎర్రగడ్డ దూరం అడిగింది అందుకే. అక్కడ పిచ్చి ఆసుపత్రి ఉందని ఆమెకు తెలుసు, రైతు బజారు ఉందని తెలియదు. ఏడ్చినవాళ్లందరినీ చేర్చుకుంటే అక్కడ మంచాలు చాలవు కదా అన్నాను. మీ నాయిన పలక తుడిచేసుకుని లోపలికి పోయాడు.

పెద్దవాళ్లు కార్టూన్లు చూడటం ఎప్పుడూ ఉన్నదేనని రుజువు చేద్దామని నా రేకు పెట్టె దించాను. కత్తిరించి దాచుకున్న బొమ్మలన్నీ మీ నాయిన ముందు పరిచాను. ఒక్కదానికీ నవ్వలేదు. ఈ మంత్రి ఎవరో, ఆ కుర్చీ ఎవరిదో, ఆ ఏడు ఏం జరిగిందో చెప్పాల్సి వచ్చింది. నవ్వు కన్నా వివరం పొడుగైంది. చెప్పీ చెప్పీ నాకే నవ్వు రాలేదు.

వారపత్రికల బొమ్మలు తీశాను. వాటికి మంత్రులు అక్కర్లేదు. భార్య తలుపు వెనక అప్పడాల కర్ర పట్టుకుని నిలబడుతుంది, భర్త చెప్పులు చేతిలో పట్టుకుని మెల్లగా వస్తాడు. మా కాలంలో వీటికి బస్టాండంతా నవ్వేది. మీ నాయనమ్మ మాత్రం ఏనాడూ నవ్వలేదు. "కర్ర వట్టుకున్నది మంచిదే. ఎందుకు వట్టుకున్నదో రాయకపాయె" అనేది. ఆమెకు హాస్యం తెలియదని నేను నలుగురిలో అన్నాను కూడా. ఇప్పుడు ఆ బొమ్మలు చూస్తుంటే నాకూ అదే అనిపించింది. నిజమే, ఎందుకు పట్టుకుంది? ఇప్పటి కార్టూన్లు ఎందుకో కూడా చెబుతున్నట్టున్నాయి. అందుకే అంత పొడుగై, పేపర్లో పట్టక టీవీలోకి పోయినట్టున్నాయి.

కాబట్టి ఆ దీపస్తంభం పిల్ల ఎందుకు మాట్లాడదో తెలుసుకుని రాయి. నా కోసం కాదు, జబ్బు తేల్చడానికి.

చిలకమ్మ నిన్న మన అరుగు దగ్గరికి వచ్చి, నోటి ముందు చెయ్యి తిప్పుతూ కనుబొమలు ఎగరేసింది. పాన్ అడుగుతోందనుకుని ఇచ్చాను. తీసుకుంది, కానీ పోలేదు. చాలాసేపు నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఈ వయసులో ఇదేమిటో.

రాజనర్సయ్య


అమీర్‌పేట,
మే 26.

తాతా, దండాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ తోచలేదు. ఆషాఢానికి వస్తాను. అందరు కోడళ్లూ పోతారు, నేనూ వస్తాను. కానీ శ్రావణంలో నన్ను పంపకపోతే నేనేం చెయ్యాలి? వద్దు నాయినా, నేను పోతాను అని చెప్పాలి. నాకు చేతనవుతుందా? ఏడో తరగతి తర్వాత బడి మాన్పించినప్పుడు కూడా నేను చెప్పలేదు. పుస్తకాల సంచి కొక్కేనికి తగిలించి పొయ్యి దగ్గర కూర్చున్నాను. అందరూ నేను ఒప్పుకున్నాననుకున్నారు.

ఆయనకు ఈ సంగతులేవీ తెలియవు. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. మా నాయిన మీకు పిచ్చి అనుకుంటున్నాడని చెప్పడానికి మంచి సమయం ఏ రోజూ కనపడలేదు.

నువ్వు అడిగినది తెలిసింది. దీపస్తంభం పిల్ల వాళ్ల నాయిన ఒక రాత్రి సముద్రం మీదికి పోతూ, "పోవాల్నా బిడ్డా, ఉండాల్నా?" అని ఆ పిల్లను అడిగాడు. ఉండమనాలని ఆ పిల్లకు ఉంది. ఊరి పెద్దలందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. సిగ్గుపడి తల వంచుకుంది. ఆ నాయిన పోయాడు, రాలేదు. "చెప్పాల్సినప్పుడు చెప్పలే. గిప్పుడు నోరు తెరిస్తే ఏం లాభమని ఊకుంటున్నది" అని మా ఆయన చెప్పారు. అది కింద రాసి ఉన్నది కాదు. అప్పుడు తెర మీద అక్షరాలే లేవు.

ఆ రోజు నేను ఒక మాట అడిగాను. "మీరు ఎందుకు ఏడుస్తరు?" అన్నాను. తల గోక్కున్నారు. "లిఫ్టుల ఇరుక్కున్నోళ్లు అందరు ఒర్రుతరు, లొల్లి చేస్తరు. ఒర్రేటోళ్లతోని ఫికర్ లేదు. ఎక్కడున్నరో తెలుస్తది, పోయి తీస్త. ఒక్కోసారి లోపల మనిషుంటరు, చప్పుడుండదు. గప్పుడు నాకు చేతులు ఆడవు. ఉన్నరో లేరో తెల్వది" అన్నారు. తర్వాత చాయ్ అడిగారు.

మా అత్తమ్మ వచ్చింది. ఎల్లమ్మ గుడి కుంకుమ ఇచ్చి, కొడుకు చూస్తున్నది చూసి, "పదో తరగతిల పరీక్షలని నేనే టీవీకి తాళమేసిన. అండ్లకెల్లి పది మార్కులు సుత ఎక్కువ రాలె. సూసుకోనీ" అంది. కాసేపు తనూ చూసింది. ఆ అన్న నడిపే పడవకు దిష్టి తియ్యాలంది.

ఆమె అన్నట్టే అయింది. నిన్న పొగమంచులో పడవ రాళ్లకు తగిలింది. అన్న చెయ్యి విరిగింది. వైద్యుడు చూసి, ఇక పడవ నడపడం కష్టమన్నాడు. మా ఇద్దరికీ అన్నం సహించలేదు. నేను కూడా ఏడ్చాను. ఆయన తువ్వాల సగం నాకిచ్చారు.

అన్ని గొంతులూ ఆయనే పెట్టి అలసిపోతున్నారు. "ఒక్కటన్న నువ్వు చెప్పు" అన్నారు. దీపస్తంభం పిల్లవి నేను చెబుతానన్నాను. ఆయన నవ్వారు. కావాలంటే నాయినకు చెప్పు, మీ అల్లుడు నవ్వాడని.

ఇంకా రెండు భాగాలే మిగిలాయి.

చంద్రిక


ఆలేరు,
జూన్ 3.

బిడ్డా,

ఇది త్వరగా రాస్తున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. పోస్ట్‌మన్ మంచివాడు.

నీ ఉత్తరం చదువుతూ అన్న చెయ్యి విరిగిన దగ్గరికి వచ్చి తలెత్తాను. ఎదురుగా మీ అమ్మ, మీ నాయిన, పక్కింటివాళ్లు, వాళ్ల చుట్టాలు నిలబడి ఉన్నారు. చిలకమ్మ చేటలో ఒక్క బీడీ లేదు, కళ్లు తుడుచుకుంటూ తన చెయ్యి పట్టుకుని నాకు సైగ చేస్తోంది, కుడిదా ఎడమదా అని. మీ నాయిన పలక తెచ్చి రాశాడు: "నువ్వు మనసుల చదువుకుంటలేవు. బజారంత ఇనవడుతది. మొదటి ఉత్తరం కాడికెల్లి."

చెవులు పోయినప్పుడు గొంతు మిగిలే ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నాకు వినపడి ఉండదు.

ఇప్పుడు బజారు రెండుగా చీలింది. బజారు వాళ్లందరికీ ఆ పిల్ల మాట్లాడుతుందా లేదా అన్నదే కావాలి. కిరాణా కొట్టు ముందు పందెం లేదు గానీ, పట్టింపులున్నాయి. మన ఇంట్లోవాళ్లకు మాత్రం నువ్వు ఏడ్చావన్నది పట్టుకుంది. "ఒక్కనికే ఉండె. గిప్పుడు బిడ్డకు సుత అంటుకున్నది" అని మీ నాయిన రాశాడు. అల్లుడు నవ్వాడని రాశావు కదా, అది ఇంకా చెడ్డ గుర్తట.

ఆషాఢం దాకా ఆగడట. వచ్చే ఆదివారమే కారు మాట్లాడుకుని, మీ మేనమామను తోడు తీసుకుని వస్తున్నాడు. నిన్ను తీసుకొచ్చేస్తాడు. నేనూ వస్తానంటే చోటు లేదన్నాడు. మీ మేనమామ లావు.

నువ్వు నోరు తెరవాల్సిందే బిడ్డా. నేను మాట్లాడితే బజారంతా వింటుంది గానీ మీ నాయిన వినడు. నిన్ను బడి మాన్పించిన రోజు నువ్వు కొక్కేనికి సంచి తగిలించడం నేను అరుగు మీద నుంచి చూశాను. ఒప్పుకున్నావనే నేనూ అనుకున్నాను. అంతకన్నా రాయలేను.

కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? చిలకమ్మ పోవడం లేదు.

తాత


అమీర్‌పేట,
జూన్ 10.

తాతా,

ఎడమ చెయ్యి.

నాయిన వచ్చి పోయాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎట్లాగూ బజారుకు వినపడుతుంది కాబట్టి కొంచెం శుభ్రంగా రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం చివరి భాగం పెట్టుకున్నాం. సగంలో తలుపు చప్పుడైంది. నాయిన, మేనమామ. కారును సందులోకి రానివ్వలేదట, మెట్రో స్తంభాల దగ్గర ఆపి నడిచి వచ్చారు, చెమటలు కారుతున్నాయి. నేను నీళ్లిచ్చాను. నాయిన నీళ్లు తాగి, ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. ఆయన లేచి నిలబడి, "కూసోండ్రి మామా. పదే నిమిషాలు. పడవ రాళ్ల దగ్గరికొచ్చింది" అన్నారు. నాయిన మేనమామ ముఖం చూశాడు. అప్పుడు చెబుదామనుకున్నది చెప్పకుండా, "చెయ్యి ఇరిగినంక పడవెట్ల నడుపుతుండు?" అన్నాడు.

ఆయన ఆశ్చర్యపోయారు. మా నాయినకు కథ ఎట్లా తెలుసని నన్ను చూశారు. నేను చాప పరిచాను.

చివరి భాగం ఇట్లా ఉంది. అన్న ఒంటి చేత్తో పడవ నడుపుతూ రాత్రి తిరిగి వస్తున్నాడు. గాలికి దీపం పగిలింది. పొగమంచు. పడవ నేరుగా రాళ్ల మీదికి పోతోంది. ఆ పిల్ల స్తంభం మీద నిలబడి చూస్తోంది. ఒక్కసారి అరిస్తే వినపడే దూరం. నోరు తెరిచింది, గొంతు రాలేదు. మా ఆయన చెప్పడం ఆపేశారు, చెప్పడానికి మాటలు లేవు కదా. అప్పుడు నాయిన చాప మీద నుంచి లేచి, "ఒర్రు బిడ్డా! ఒర్రు!" అని టీవీ మీద అరిచాడు. పై హాస్టల్ పిల్లగాళ్లు కిందికి దిగి వచ్చారు. మామ నాయిన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆ పిల్ల అరవలేదు. పక్కనున్న నూనె డబ్బా తీసుకుని, గరిటెతో కొట్టింది. కొడుతూనే ఉంది. పడవ చప్పుడు విని మళ్లింది. అన్న ఒడ్డుకు వచ్చాడు. వాళ్లిద్దరూ దీపం లేని స్తంభం కింద కూర్చున్నారు. అయిపోయింది. ఆ పిల్ల చివరిదాకా మాట్లాడలేదు. చిలకమ్మకు మెల్లగా చెప్పు.

నాయిన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, చెమట అన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తర్వాత వచ్చిన పని గుర్తొచ్చింది. గొంతు గట్టి చేసుకుని, "బట్టలు సదురుకో, పోదాం" అన్నాడు.

మా ఆయన నన్ను చూశారు. తాతా, ఆయన చేతులు చూశాను. ఆడటం లేదు. అప్పుడు నాకు లిఫ్టు మాట గుర్తొచ్చింది. గడప దగ్గర హాస్టల్ వాళ్లు, బకెట్లు, మామ, నాయిన. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు.

నేను చెప్పాను. "నాయినా, గిప్పుడు నేను రాను. ఆషాఢంల నువ్వొచ్చి తోలుకపో. శ్రావణం పడంగనే మళ్ల గిక్కడికే వస్త, ఎవ్వలు ఆపినా ఆగ. ఆయనకు ఏ జబ్బు లేదు. బియ్యం నానవెట్టిన, తిని పోండ్రి."

నేనే చెప్పానని నాకు వెంటనే తెలియలేదు. ఎవరు మాట్లాడారా అని మామ వంటింటి వైపు చూశాడు.

నాయిన మళ్లీ చాప మీద కూర్చున్నాడు. "కూరేంది?" అన్నాడు. బీరకాయ అని చెప్పాను. ఎర్రగడ్డ రైతు బజారులో తెచ్చినవేనని కూడా చెప్పాను, అమ్మకు చెప్పమని. తిన్నారు, పోయారు.

వాళ్లు పోయాక ఆయన తలుపు వేసి, అక్కడే నిలబడి, "నీ గొంతు గిట్లుంటదా?" అన్నారు. జబ్బు సంగతి ఏమిటని అడిగారు. అన్నీ మొదటి నుంచి చెప్పాను. చెప్పేసరికి అన్నం చల్లారింది. ఆయనకు కోపం రాలేదు. "మూడో స్టేషనే కదా, ఎప్పుడైనా పోవచ్చు" అన్నారు. ఇంకో కార్టూన్ మొదలుపెట్టాం. దీనిలో అత్తగారి గొంతు నాది.

నీ చంద్రిక


ఆలేరు,
జూన్ 18.

చంద్రికకూ, ఈసారి నీ పెనిమిటి తారక్‌కు కూడా, దీవెనలు.

ముందు పని మాట. ఆషాఢం వచ్చే గురువారం పడుతోంది. మీ నాయిన శనివారం వచ్చి నిన్ను తీసుకొస్తాడు, బస్సులోనే. శ్రావణం మొదట్లో మంచి రోజు చూసి తానే దింపుతాడు. పలక మీద ఇది రాశాక తుడవలేదు. డాక్టరు మాట ఎత్తలేదు. మీ అమ్మ బీరకాయల ధర అడిగింది.

మీ నాయిన ఆ రోజు రాత్రి ఇంటికొచ్చి ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదట. మీ మేనమామ చెప్పబోతే మీ నాయిన కళ్లెర్ర చేశాడట. అందరూ నీ ఉత్తరం కోసం ఆగారు. పోస్ట్‌మన్ మన సందు మొదట్లో ఉండగానే చిలకమ్మ చేట పట్టుకుని అరుగు ఎక్కింది. కిరాణా కొట్టు మూశారు.

మనసులో చదవడం నాకు రాదని తేలిపోయింది కాబట్టి, ఈసారి ముఖం కడుక్కుని, అద్దాలు తుడుచుకుని, నిలబడి చదివాను. నూనె డబ్బా దగ్గర చిలకమ్మ రెండు చేతులూ గాలిలో తిప్పింది. ఇన్నాళ్లు ఎదురుచూసింది మాట్లాడకపోవడానికా అని ఆమె బాధ. ఎవరో సర్దిచెప్పారు. మీ నాయిన "ఒర్రు బిడ్డా" అన్న చోట అందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. ఆయన చెప్పు సరిచేసుకున్నాడు.

తర్వాత నువ్వు మాట్లాడిన చోటికి వచ్చాను. బజారు అంతా ఒక్కసారి కదలడం మానేసింది. నాకు వినపడదు గానీ అది కనపడుతుంది. చిలకమ్మ చేతులు దించింది. మీ అమ్మ గడప పట్టుకుంది. ఆ మాటలు ఒకసారి చదివి ఆపాను. ఎవరూ అడగకుండానే మళ్లీ చదివాను.

మా కాలం బొమ్మలన్నీ కలిపి చూసినా, చాయ్ రెండో గుక్కకు ఇట్లాంటిది ఒక్కటీ లేదు. పాత కత్తిరింపులు పెట్టెలో పెట్టి పైన పెట్టేశాను. పారేయలేదు. అప్పడాల కర్ర బొమ్మ ఒక్కటి బయట ఉంచాను. నువ్వు వచ్చాక, ఆమె ఎందుకు పట్టుకుందో తారక్ చేత ఒక కథ కట్టించు.

ఒక్క సందేహం మిగిలింది. నీ గొంతు విని నాకు ఏళ్లయింది. చెవులు పోయే నాటికి నువ్వు చిన్నదానివి, అప్పుడు కూడా నీది తలుపు చాటు గొంతే. ఆ రోజు అందరి ముందు అది ఎట్లా వచ్చిందో నాకు తెలియాలి. చదవడం అయ్యాక మీ నాయినను అడిగాను, "మెల్లగ అన్నదా, వణికిందా, ఎట్ల అన్నది?" అని. బజారంతా వినేటట్టే అడిగి ఉంటాను.

మీ నాయిన పలక అందుకున్నాడు. ఒకటే మాట రాసి నా చేతిలో పెట్టాడు.

"గట్టిగ."

మీ తాత,
రాజనర్సయ్య